మూడో సొరుగులో ఆకుపచ్చ ఫైలు

2019 వానాకాలం. మంగళగిరి దగ్గర ఒక ప్రైవేటు యూనివర్సిటీ అడ్మిషన్ల విభాగంలో పనిచేస్తున్నాను. మా గది కిటికీ అవతల కాలువ. పైనుంచి వరద వస్తున్న రోజులవి. గుర్రపుడెక్క గుంపులు గుంపులుగా, ఎక్కడికో తీరిగ్గా బయల్దేరినట్టు కిటికీ ముందు నుంచి సాగిపోయేవి. ఇప్పటికీ ఆ సంగతి తలుచుకుంటే ముందు ఆ నీళ్ళే కదులుతాయి. ఆ తర్వాతే కిటికీ కింద బల్ల మీద కూర్చున్న షాహీన్ కనిపిస్తుంది.

మా పని తెలియనివారికి ఒక మాట చెప్పాలి. సీటు ఒప్పుకున్న పిల్లల దగ్గర పదో తరగతి, ఇంటర్ మార్కుల మెమోలు, టీసీ తీసుకుంటాం. వీటినే ఒరిజినల్స్ అంటాం. సరిచూసి తిరిగి ఇచ్చేయాలన్నది నిబంధన. మేము దగ్గర పెట్టుకునేవాళ్ళం. అవి లేకపోతే పిల్లలు ఇంకో కాలేజీలో చేరలేరు. ఎవరైనా మనసు మార్చుకుని వస్తే కాదనం. "ఫైలు స్టోర్‌లో ఉంది, రేపు రండి" అంటాం. అవతల గడువు దాటేదాకా అదే మాట. నిజానికి ఫైళ్ళు నా బల్ల మూడో సొరుగులోనే ఉండేవి. "ప్రసాద్ గారి కౌంటర్లో పడ్డ ఫైలు బయటికి పోదయ్యా" అని మా డీన్ మీటింగులో అంటే, ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళి మా ఆవిడకు గొప్పగా చెప్పుకున్నాను కూడా.

షాహీన్ జూలైలో కంప్యూటర్ సైన్సు సీటు ఒప్పుకుంది. వాళ్ళ నాన్న కరీం గారికి ఆటోనగర్‌లో డీజిల్ పంపులు బాగుచేసే షెడ్డు ఉంది. ఎంత కడిగినా గోళ్ళ సందుల్లో నలుపు పోని చేతులతో ఆయన ఆ రోజు మా అందరికీ స్వీట్లు పంచారు. ఆగస్టులో ఆ అమ్మాయి ఒక్కతే వచ్చింది.

"సార్, నా ఒరిజినల్స్ కావాలండి. కౌన్సెలింగ్ రెండో విడతలో కంకిపాడు అవతల కాలేజీలో మెకానికల్ వచ్చింది."

నేను నవ్వాను. "అందరూ సీఎస్ఈ కోసం కొట్టుకు చస్తుంటే నువ్వు మెకానికల్ అంటావేంటమ్మా? మీ నాన్నగారికి తెలుసా?"

"చెప్పానండి. రెండ్రోజులు మాట్లాడలేదు. ఇవాళ పొద్దున తనే, వెళ్ళి తెచ్చుకో అన్నారు."

"మరి అప్పుడెందుకు ఒప్పుకున్నావ్?"

"అప్పుడు అందరూ సంతోషంగా ఉన్నారండి. నేనూ ఉన్నాననుకున్నా."

రిపోర్టింగుకి, అంటే కొత్త కాలేజీకి ఒరిజినల్స్‌తో వెళ్ళి పేరు నమోదు చేయించుకోవడానికి, శుక్రవారం సాయంత్రం ఐదు వరకే గడువు. అది బుధవారం. "రేపు రామ్మా" అన్నాను.

గురువారం వచ్చి కిటికీ కింద కూర్చుంది. జల్లు పడుతోంది. కరెంటు పోయి జనరేటర్ వేశారు. ఆ రొదలో నాకు కునుకు పట్టబోతుంటే ఆ అమ్మాయి గొంతు వినిపించింది.

"సార్, మీ జనరేటర్‌కి ఒక నాజిల్ సరిగ్గా కొట్టట్లేదండి. నాలుగింట్లో ఒకటి తడబడుతోంది."

నాజిల్ అంటే ఇంజనులోకి డీజిల్ చిమ్మే ముక్క. నేనూ చెవి పెట్టి విన్నాను. నాకంతా ఒకటే చప్పుడు. "నీకెట్లా తెలిసింది?" అన్నాను.

"చిన్నప్పుడు షెడ్డులోనే నిద్రపోయేదాన్నండి. ఇంజను సరిగ్గా తిరుగుతుంటే హాయిగా నిద్ర పట్టేది. ఏదైనా తేడా ఉంటే మెలకువ వచ్చేసేది."

కళ్ళు సగం మూసుకుని చెప్పిందా మాట. కాలువ మీద వాన, ఆ చప్పుడు, ఆ పిల్ల ముఖంలో వెలుగు. అన్నీ చూశాను. చూసి కూడా "రేపు రామ్మా" అన్నాను.

శుక్రవారం మూడున్నరకు వక్కపొడి కోసం సొరుగు లాగాను. షాహీన్ లేచి కౌంటర్ దగ్గరికి వచ్చింది.

"సార్, పైనున్న ఆకుపచ్చ ఫైలు నాదండి."

సొరుగు మూయబోయి ఆగాను.

"మొదటి రోజు నుంచీ చూస్తున్నానండి. మీరు వక్కపొడి తీసినప్పుడల్లా కనబడుతోంది. మీద పేరు రాసింది నేనేగా."

"మరి అడగలేదేం?"

"పెద్దవారు కదండీ. మీరే ఇస్తారేమో అని చూశాను."

ఇచ్చేశాను. సంతకం పెట్టించుకోవడం కూడా మరిచిపోయాను. వానలో ఆటో కోసం పరుగెత్తింది. ఆ రోజు బ్యారేజీ గేట్లన్నీ ఎత్తారు. వరద చూడ్డానికి జనం నది దాటే వారధి మీద బళ్ళు ఆపేసి నిలబడ్డారు. వాళ్ళ మధ్య ఆటో ఇరుక్కుపోయింది. కంకిపాడు దాటేసరికి ఆరయిందట.

సోమవారం తండ్రీకూతుళ్ళు వచ్చారు. షాహీన్ ఆకుపచ్చ ఫైలు కౌంటర్ మీద పెట్టింది. కరీం గారు నా ముఖంలోకి చూస్తూ నెమ్మదిగా అన్నారు, "వరద వల్ల లేటైపోయిందండి. ఇంకేం లేదు కదండీ?"

"అవునండి, వరదే" అన్నాను. షాహీన్ తల తిప్పుకుని కాలువ వైపు చూసింది.

తర్వాతి ఏడాది నుంచి అడిగినవారికి అడిగిన రోజే ఒరిజినల్స్ ఇచ్చేశాను. రెండు సీజన్లు చూసి నన్ను రికార్డు గదికి మార్చారు. 2023లో షాహీన్ కోర్సు పూర్తిచేసి సర్టిఫికెట్ల కోసం అక్కడికే వచ్చింది. ఫైలు ముందే తీసి బల్ల మీద పెట్టి ఉంచాను.

"రేపు రమ్మనలేదేంటి సార్?" అని నవ్వింది.

"ఉద్యోగం వచ్చిందా అమ్మా?"

"వచ్చిందండి, సాఫ్ట్‌వేర్‌లో. ఆదివారాలు మాత్రం షెడ్డులోనే ఉంటాను."

అప్పటికి నోరు విప్పాను. "ఆ రోజు లేటైంది వరద వల్ల కాదమ్మా. నా వల్ల. మీ నాన్నగారికి చెప్పు."

"ఆయనకి అప్పుడే తెలుసండి. ఆటోలోంచే ఫోన్ చేసి చెప్పాను."

"మరి వరద అన్నారేం?"

ఫైలు గుండెలకు ఆనించుకుంటూ అంది, "మీరే చెబుతారేమో అని చూశారండి."

సీటు ఒప్పుకునే రోజు పిల్లలు ఇంటిల్లిపాది తరఫునా మాట్లాడతారు. మనసు మార్చుకుని వచ్చిన రోజు తమ మాట తాము చెబుతారు. ఆ రోజే చెవి పెట్టి వినాలని ఆ అమ్మాయి వల్ల తెలుసుకున్నాను. కరెంటు పోయి జనరేటర్ వేసినప్పుడల్లా కళ్ళు మూసుకుని ఆ తడబడే చప్పుడు వెతుకుతాను. ఒక్కోసారి వినిపించినట్టే ఉంటుంది.

ఆటోనగర్ వెళ్ళి కరీం గారితో ఆ మాట నా నోటితో చెప్పాలి. ఇక్కడికి పది మైళ్ళు కూడా ఉండదు. రేపు వెళదామనే అనుకుంటూ ఉన్నాను.