తేట నీళ్ళు: మూడు పాత మెంబ్రేన్లతో మదనపల్లె నుంచి కుప్పం దాకా

మా ప్లాంటు వెనక గోడవారన పాత మెంబ్రేన్లు పడి ఉండడం చూసి చూసి విసుగొచ్చి ఈ ప్రయాణం పెట్టుకున్నాను. మదనపల్లె శివార్లలో మా మహిళా సంఘం తాగునీటి ప్లాంటు నడుపుతుంది. యంత్రాల పని నాది. బోరు నీళ్ళలోని ఉప్పును, ఎముకలను బిగదీసే ఫ్లోరైడును ఆపే గొట్టాలనే మెంబ్రేన్లంటారు. మీటరు పొడవు, నాలుగంగుళాల లావు ఉంటాయి. రెండు మూడేళ్ళకు అరిగిపోతాయి, ఆ తర్వాత వాటినేం చేయాలో ఎవరూ చెప్పరు. కొందరు చెత్తలో వేస్తారు, కొందరు తగలబెడతారు. ఒకసారి పక్క వీధిలో తగలబెడితే ఆ పొగకు రెండు రోజులు నా గొంతు మండింది. కుప్పంలో ఒకాయన పాతవి తీసుకుని గ్రానైటు కోసే మిషన్ల నీళ్ళను వడగట్టడానికి వాడుతున్నాడని తెలిసి, మూడింటిని తడి ఆరకుండా ప్లాస్టిక్ కవర్లలో చుట్టి గోనెసంచిలో వేసుకున్నాను. దారిలో పెద్దపంజాణి దగ్గర ఒక పల్లెలో రత్నమ్మక్క ఉంటుంది. ఆవులు పెట్టుకుని పాలు పోస్తుంది. రెండేళ్ళ క్రితం ఆమెకు ఒక పాత మెంబ్రేన్ బాగుచేసి బిగించి ఇచ్చాను. అదెలా పనిచేస్తోందో చూసి, ఫోటో తీసి, ఇక్కడ గొప్పగా రాసుకోవాలని కూడా నా ఆశ. దాచడమెందుకు, అసలు ఆశ అదే.

పొద్దున ఆరుంబావుకు పుంగనూరు బస్సెక్కాను. ఆడవాళ్ళకు టికెట్ లేదు, ఆధార్ చూపిస్తే చాలు. కండక్టరు నా కార్డు చూసి, సంచి వైపు చూశాడు. "ఏందమ్మా ఇవి? పైపులా?" అన్నాడు. నీళ్ళ ప్లాంటు మెంబ్రేన్లని చెప్పాను. "నీకంటే ఫ్రీ. వీటికి యాడుంది ఆధారు?" అని నవ్వి, లగేజీకి నలభై రూపాయలు కొట్టాడు. ఏడున్నరకు పుంగనూరులో దిగి, బస్టాండు ఎదురుగా ఇడ్లీ తిని, షేర్ ఆటో పట్టుకున్నాను. రోడ్డు మీద దిగాక ఊళ్ళోకి రెండు కిలోమీటర్లు నడవాలి కాబట్టి, బరువుంటే ఇంటిదాకా రమ్మని ఆటోతో ముందే మాట్లాడుకోవడం మంచిది. నేను అలాగే మాట్లాడుకున్నాను.

"పాల రత్నమ్మ ఇంటి కాడ ఆపప్పా" అన్నాను డ్రైవరుతో.

"పాల రత్నమ్మ యాడుందిమా? నీళ్ళ రత్నమ్మ ఉండాది గానీ" అన్నాడతను.

అప్పుడైనా నాకు తట్టి ఉండాల్సింది. తట్టలేదు. నా బుర్రకు అంత తొందరెక్కడిది!

నన్ను చూడగానే రత్నమ్మక్క మొహం విప్పారింది. కూర్చోబెట్టి చెంబుతో నీళ్ళిచ్చింది. అద్దంలా తేటగా ఉన్నాయి. సగం తాగాక, తాగే క్యాను నీళ్ళు ఎక్కణ్ణుంచి కొంటున్నారని అడిగాను. "క్యాన్లు యాల? నువ్విచ్చిన మిషను ఉండాదే! రెండేండ్లుగా అయ్యే తాగతాండాము" అంది. కొట్టంలోకి తీసుకుపోయి చూపించింది. మెంబ్రేన్ గొట్టానికి పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టి ఉంది. దానికి కొత్తగా ఒక స్టీలు కొళాయి బిగించారు. కొళాయి కింద ఎనిమిది బిందెలు వరసగా ఉన్నాయి. చెంబు నా చేతిలోనే ఉండిపోయింది.

నేను చేసిందేమిటో చెప్పాలి. అరిగిన మెంబ్రేన్‌ను బ్లీచింగు ద్రావణంలో నానబెడితే ఉప్పును ఆపే పలచని పొర పోతుంది. మట్టిని, మురికిని ఆపే గుణం మాత్రం మిగులుతుంది. పాల క్యాన్లు, కొట్టం కడుక్కోవడానికి ఆ నీళ్ళు బ్రహ్మాండంగా పనికొస్తాయి. కానీ ఫ్లోరైడు అందులోంచి నేరుగా దాటిపోతుంది. ఆ ఊరి బోరింగుకు ఫ్లోరైడు ఉందని ఎర్రరంగు పూసి ఎన్నో ఏళ్ళయింది. రత్నమ్మక్క బోరు కూడా దాని పక్కనే. నా సంచిలోని మీటరు తీసి బోరు నీళ్ళలో ఒకసారి, కొళాయి నీళ్ళలో ఒకసారి పెట్టాను. అది కరిగిన ఉప్పులనే లెక్కగడుతుంది. రెండింటిలోనూ ఒకటే అంకె. ఉప్పే ఆగకపోతే ఫ్లోరైడు ఎక్కడ ఆగుతుంది?

ఇంతలో ఆమె భర్త చెంగప్ప వచ్చాడు. నన్ను చూడ్డానికి మెడ తిప్పలేక ఒళ్ళంతా తిప్పాడు. నడుము నొప్పి పాతదే, క్యాను నీళ్ళు తాగినన్నాళ్ళు కాస్త తగ్గిందని, ఈ ఏడాది మళ్ళీ పట్టేసిందని చెప్పాడు. అది నా మిషను వల్లనేనా? నాకు తెలియదు. కాదని మాత్రం అనలేకపోయాను.

"అక్కా, ఈ నీళ్ళు తాగకూడదు" అన్నాను. ఎందుకో అంతా చెప్పాను. ఆమె నా మొహమే చూస్తూ వింది.

"మరి ఆ పొద్దు యాల సెప్పలేదు?"

"పాల క్యాన్లు కడుక్కోడానికే కదా అనుకున్నానక్కా."

"అనుకుంటివి" అంది. కొళాయి కింది బిందెలు చూపించి, "ఎనిమిదిండ్లకి పోస్తాండానమ్మా. రూపాయి తీసుకోలేదు. నీళ్ళు పోస్తే పుణ్యమని పోసినాను" అంది.

తిట్టి ఉంటే బాగుండేది. నాకు ఏడుపొచ్చింది, ఆమె ముందు ఏడవడానికి సిగ్గేసింది. ఆమె లోపలికి పోయి స్పానర్ తెచ్చి నా చేతిలో పెట్టింది. "ముందు ఆ కొళాయి పీకు." పీకేశాను. గొట్టానికి పైపు తగిలించి నేరుగా క్యాన్లు కడిగే తొట్టిలోకి వదిలాను. తర్వాత ఇద్దరం ఇల్లిల్లూ తిరిగాం. నాలుగిళ్ళు తిరిగేసరికి ఒంటిగంటయింది. కుప్పంలో మనిషి కాచుకుని ఉంటాడు, నువ్వు పో, మిగిలిన ఇళ్ళకు నేను చెప్తాను అని ఆమే పంపించింది.

పలమనేరులో బస్సు మారి, వి.కోట మీదుగా కుప్పం చేరేసరికి నాలుగున్నర. పాతవి తీసుకునే ఆ మనిషి పేరు మునెప్ప. అతని షెడ్డు గ్రానైటు యూనిట్ల వెనక ఉంది. రాయి కోసే రంపం కింద నుంచి పాలలా తెల్లటి నీళ్ళు పారుతుంటాయి. వాటిని గుంటల్లో తేర్చి, పాత మెంబ్రేన్ల గుండా పంపి, మళ్ళీ రంపానికే వాడతాడు. నేను తెచ్చిన మూడింటిలో ఒకదాని కవరు బస్సులో చిరిగి, నీళ్ళు కారిపోయి పొడిబారింది. ఎండిన దాన్ని మళ్ళీ వాడలేమని దాన్ని పొడుగునా కోసేశాడు. లోపలి ప్లాస్టిక్ వల ఒక టమోటా నర్సరీకి పోతుందట. పైన ఉండే గట్టి ఫైబర్ డొల్లను మూలన పెట్టి, "దీనికి మాత్రం ఇంకా దోవ దొరకలేదుమా" అన్నాడు.

అతని షెడ్డంతా వెదికాను, ఒక్క కొళాయీ లేదు. గొట్టాలన్నీ ఒక ట్యాంకులోంచి ఇంకో ట్యాంకులోకే. ఎందుకని అడిగాను.

"కొళాయి కనిపిస్తే మనిషి నోరు పెడతాడుమా. నీళ్ళు తేటగా ఉంటే ఎవురూ అడగరు" అన్నాడు.

పొద్దున నేనూ అడగలేదు. సగం చెంబు తాగాకే అడిగాను.

సాయంత్రం లాడ్జిలో కూర్చుని ఇది రాస్తున్నాను. పారేసే వస్తువును పనిలోకి తెచ్చానని రెండేళ్ళు మురిసిపోయాను. ఒక్కసారి కూడా వెనక్కి వెళ్ళి చూడలేదు. పాతవాటిని మళ్ళీ వాడడం మంచి పనేనని ఇప్పటికీ నమ్ముతున్నాను, మునెప్ప షెడ్డు చూశాక మరీను. మీరెవరికైనా పాత మెంబ్రేన్ ఇస్తే తడి ఆరనివ్వకండి, కొళాయి బిగించనివ్వకండి, 'తాగరాదు' అని తెలుగులో పెద్దగా రాయండి. నెల తిరగకుండా పోయి ఆ నీళ్ళు ఎక్కడికి పోతున్నాయో చూడండి.

ఇందాక రత్నమ్మక్క ఫోన్ చేసింది. ఏడిళ్ళవాళ్ళు నమ్మారట. ఎదురింటివాళ్ళు మాత్రం, "ఇంత తేట నీళ్ళకేమొచ్చె? దుడ్డుకు అమ్ముకోవాలని సూస్తాండావా?" అని ఆమెనే తిట్టారట. పొద్దునే పట్టుకున్న రెండు బిందెలు వాళ్ళింట్లో ఇంకా ఉన్నాయి. ఆ ఇంటి కోడలు మూణ్ణెల్ల బిడ్డకు పాలపొడి ఆ నీళ్ళతోనే కలుపుతోంది. రేపు తొలి బస్సుకు ఆ ఇంటికి పోతున్నాను. వెంట ఒక క్యాను నీళ్ళు తీసుకుపోతాను.