కళ్లు తెరిచి చెప్పుకున్న స్తోత్రం

ప్రభువునందు ప్రియ సహోదరీ సహోదరులారా, పొద్దున్నే బడి బస్సు హారన్ వినబడితే చాలు, అప్పుడే ఎందుకు తెల్లారిందా అనుకునే రోజులు నాకుండేవి. ఇక్కడ సౌదీలోని తాయిఫ్ కొండగాలి చలికి వణుకుతూ, ఇంకా నిద్ర మత్తు వదలని మా పాపను పక్క వాటాలో ఉండే నర్సు రాహేలు అక్క చేతిలో పెట్టి, పాప ఏడుపు వినబడుతున్నా వెనక్కి చూడకుండా, బట్టల పైన వేసుకునే నల్ల అబాయా సర్దుకుంటూ మెట్లు దిగేదాన్ని. “తండ్రీ, ఈ ఒక్క రోజు గడిపించు” అనేదే నా ప్రార్థన. మర్నాడూ అదే ప్రార్థన!

నేను ఇంగ్లీషులో ఎం.ఏ. చదివాను, అమలాపురంలో కాలేజీ పిల్లలకు పాఠాలు చెప్పాను. మా వారు ఇక్కడ ఆసుపత్రిలో ల్యాబ్ టెక్నీషియన్. ఆయన వీసా మీద మమ్మల్ని తెచ్చుకునే వీలు లేక ఎంతో బాధపడుతున్న సమయంలో, ఒక ఆడపిల్లల ప్రైవేటు బడిలో నాకు అసిస్టెంట్ ఇంగ్లీషు టీచరుగా వీసా వచ్చింది. దేవుడే మా కుటుంబాన్ని కలిపాడని ఎంత స్తుతించామో! కానీ ఆ అసిస్టెంట్ ఉద్యోగమంటే ఏమిటో వచ్చాకగాని తెలియలేదు.

క్లాసంతా ఈజిప్టు నుంచి వచ్చిన హనాన్ టీచరుది. అక్కడ టీచరమ్మను అబ్లా అంటారు. అబ్లా బోర్డు మీద రాస్తుంది, ఆరేళ్ల పిల్లలు గొంతెత్తి అరుస్తారు, నేను గోడ పక్కన నిలబడాలి. నోరు తెరవబోతే “నువ్వు వద్దు మిస్, నీ ఇండియా యాస పిల్లలకు అంటుకుంటుంది” అనేది, అదేదో జలుబైనట్టు! బొమ్మలు కత్తిరించడం, పిల్లల్ని బాత్రూముకు తీసుకెళ్లడం, టిఫిన్ వేళ డబ్బాల మూతలు తీసివ్వడం, ఇదీ నా పని. చదివిన చదువంతా మూతలు తీయడానికేనా ప్రభువా అని ఎన్నిసార్లు కుమిలిపోయానో ఆయనకే తెలుసు.

అబ్లా టీ తాగడానికి వెళ్లే ఆ టిఫిన్ వేళే నాకు కాస్త ఊపిరి ఆడేది. పిల్లలు డబ్బాలు నా ఒళ్లోకి తోసేవాళ్లు. నేను మూత పట్టుకుని, తీయకుండా నవ్వుతూ కూర్చునేదాన్ని. “థాంక్యూ మిస్” అన్నాకే తీసేదాన్ని. పోనుపోను ఎందుకు థాంక్యూనో కూడా చెప్పమనేదాన్ని. అందరివీ అయ్యాక నా డబ్బా తెరిచి, చిన్నప్పుడు అమ్మ నేర్పినట్టే చేతులు జోడించి, కళ్లు మూసుకుని, తల వంచి, పెదవైనా కదపకుండా మనసులో స్తోత్రం చెప్పుకుని ముద్ద పెట్టుకునేదాన్ని. మన ఇళ్లలో పెరిగినవాళ్లకు అన్నం ముందు కళ్లు వాటంతటవే మూతపడతాయి కదా, ఎవరైనా చూస్తున్నారేమో అన్న ఆలోచనే రాదు.

చూశారు సహోదరులారా, పిల్లలు చూశారు! రీమ్ అనే పాప ఇంట్లో అన్నం ముందు అచ్చం నాలాగే చేతులు జోడించి కళ్లు మూసుకుందట. ఎవరు నేర్పారని అడిగితే మిస్ అందట. “రేపు వాళ్లమ్మ వస్తోంది, నువ్వు పిల్లకు మీ మతం నేర్పావంటోంది, ముదీరా గదికి రావాలి” అని అబ్లా వచ్చి చెప్పింది. ముదీరా అంటే మా హెడ్మిస్ట్రెస్. ఆమె ఒక్క మాటంటే నాకు ఎగ్జిట్ కొట్టేస్తారు, నేనూ పాపా విమానం ఎక్కాలి, మా వారు ఇక్కడ ఒంటరిగా మిగిలిపోవాలి. పాప అప్పుడప్పుడే “నాన్నా” అని పిలుస్తోంది.

ఆ సాయంత్రం మా వారు పాపను ఎత్తుకుని గదిలో అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నారు. రాహేలు అక్క మాత్రం, “ఏమే పిల్లా, మూతలు తీసే ఉద్యోగమని నిన్నటిదాకా ఏడ్చావు, ఇప్పుడా ఉద్యోగం పోద్దేమోనని ఏడుస్తున్నావు! ఏ ఏడుపు వినమంటావే దేవుణ్ణి?” అంది. అంత భయంలోనూ నవ్వొచ్చింది. ముగ్గురం మోకరించాం. “తండ్రీ, నాకు అరబ్బీ రాదు, ఆ గదిలో నా నోరు పెగలదు, నా తరఫున ఎవరి నోరైనా నువ్వే తెరిపించు” అని అడిగాను.

మర్నాడు గదిలో ముదీరా, ముఖం గంటు పెట్టుకుని రీమ్ తల్లి, అరబ్బీ మాటల్ని నాకు ఇంగ్లీషులో చెప్పడానికి అబ్లా ఉన్నారు. రీమ్‌ను పిలిచి మిస్ ఏం నేర్పిందని అడిగారు.

“మిస్ ఏమీ చెప్పలేదు. మా డబ్బాలు మిస్ తీస్తుంది, మేం మిస్‌కు థాంక్యూ చెప్తాం. మిస్ డబ్బా మిస్సే తీసుకుంటుంది కదా, అందుకని కళ్లు మూసుకుని వండినవాళ్లకు చెప్తుంది. నాకు వండేది మామా, అందుకే నేను మామాకు చెప్పాను” అందా బంగారు తల్లి. వాళ్లు అమ్మను మామా అంటారు. అంతటితో ఆగకుండా, వాళ్లమ్మ వైపు తిరిగి కళ్లు గట్టిగా మూసుకుని, “థాంక్యూ మామా ఫర్ మై చీజ్ బ్రెడ్!” అంది, అచ్చమైన ఇంగ్లీషులో!

ఆ తల్లి పకపకా నవ్వేసి బిడ్డను ఒళ్లోకి లాక్కుంది. నా కూతురి నోట ఇంత ఇంగ్లీషు ఎప్పుడూ వినలేదే, ఎవరు నేర్పారు అని అడిగింది. సహోదరులారా, నన్ను నోరు తెరవనివ్వని అబ్లానే నోరు తెరిచింది! “ఈ మిస్సే. నేను టీకి వెళ్లినప్పుడు” అంది, కొంచెం సిగ్గుపడుతూ.

అప్పుడు ముదీరా నన్నే చూస్తూ ఇంగ్లీషులో, “మరి నువ్వు ఎవరికి చెప్పుకుంటావు?” అంది. రీమ్ చెప్పిందే నిజమనవచ్చు, కానీ నా డబ్బా వండింది నేనే కదా! “దేవునికి, మేడమ్” అన్నాను. ఆమె, “మేమూ ఆయన పేరు తలచుకునే తింటాం. పిల్లల ముందు మాత్రం చేతులు జోడించకు. కళ్లు తెరుచుకుని చెప్పుకో, ఆయనకు వినబడదా ఏమిటి?” అంది.

వినబడుతుంది సహోదరులారా, వినబడుతుంది! దేవునికే మహిమ! ఆ తరువాత మా ముదీరా టిఫిన్ తరువాతి పీరియడ్ మాటలు నేర్పడానికి నాకే ఇచ్చింది. ఇక్కడ ఉండటానికి ఇచ్చే నా ఇకామా కార్డు మళ్లీ రెన్యూ అయింది. పాప వాళ్ల నాన్న భుజం మీద నిద్రపోతుంటే ఇది రాస్తున్నాను. అబ్లా ఇప్పుడు నాకూ ఒక కప్పు టీ తెస్తుంది, నా యాస ఇంకా అంటుకోలేదని వేళాకోళం ఆడుతుంది.

మీలో ఎవరైనా వార్డులోనో, వంటగదిలోనో, గోడ పక్కన నిలబడి నా బతుకింతేనా అనుకుంటుంటే, దయచేసి ఆయన్ని నమ్మి ఒక్కసారి అడిగి చూడండి. నేను ఇప్పుడు బడిలో కళ్లు తెరుచుకునే స్తోత్రం చెప్పుకుంటాను. ఎదురుగా ఇరవై డబ్బాలు, ఇరవై నోళ్లు, చీజ్ అంటిన రీమ్ బుగ్గలు. ఎవరి నోరైనా తెరిపించమని ఆ రోజు కళ్లు మూసుకుని అడిగాను, ఇప్పుడు తెరిచిన ఆ నోళ్లన్నిటినీ చూస్తూ ఆమేన్ అంటున్నాను.