అడిగేటప్పుడు అండి

మొన్న భీమవరంలో ఇంజనీరింగు చదువుతున్న మేనకోడలు ఫోను చేసి, సి లాంగ్వేజిలో తెరమీద చూపించే ప్రింట్ఎఫ్‌కు అక్కర్లేని ఆ అండ్ గుర్తు (&), టైపు చేసింది తీసుకునే స్కాన్ఎఫ్‌లో మాత్రం ఎందుకు పెట్టాలని అడిగింది. తెరమీద చూపించడానికి విలువ చేతిలో ఉంటే చాలనీ, మనం టైపు చేసిన అంకెను లోపల దాచాలంటే మాత్రం ఏ గదిలో పెట్టాలో చిరునామా చెప్పాలనీ, ఆ గుర్తు పెడితే చిరునామా ఇచ్చినట్టేననీ చెప్పాను. "ఓస్, ఇంతేనా మావయ్యా!" అని నవ్వి పెట్టేసింది. నిమిషం కూడా పట్టలేదు. ఆ రోజంతా నాకు అన్నం సయించలేదు.

తొంభైల చివర తణుకులో, ఎరువుల కొట్టు మీద మేడగదిలో, ఒక కంప్యూటరు ఇన్‌స్టిట్యూట్‌లో పాఠాలు చెప్పేవాణ్ణి. చెప్పులు మెట్ల దగ్గర విప్పి లోపలికి వెళ్లడం, వారానికి రెండు గంటలు మాత్రమే దొరికే మిషను కోసం ప్రోగ్రాములన్నీ ముందు నోటు పుస్తకంలో రాసుకోవడం, సరిగ్గా మన వంతు వచ్చేసరికి కరెంటు పోవడం, ఇవన్నీ నా వయసు వాళ్లకు గుర్తుండే ఉంటాయి. నేను అక్కడే ఆరునెలలు నేర్చుకుని, అక్కడే సారునైపోయాను. నాకు వచ్చిందంతా బట్టీ. ఆ సంగతి ఎవరికీ తెలియకూడదన్న భయంతో పిల్లల మీద గట్టిగా అరిచేవాణ్ణి.

ఆ బ్యాచిలో నాకంటే పదేళ్లు పెద్దావిడ ఒకరుండేవారు. ఒక ప్రైవేటు బడిలో తెలుగు టీచరు. భర్తకు చూపు పోయింది, ఇల్లు ఆవిడ జీతం మీదే గడిచేది. తెలుగు పోస్టు తీసేస్తున్నాం, కంప్యూటరు చెప్పగలిగితే ఉంచుతాం అని బడివాళ్లు అనడంతో ఎర్ర అట్ట నోటు పుస్తకం పట్టుకుని మా మెట్లెక్కారు. ఆ అండ్ గుర్తును ఆవిడ 'అండి' అనుకున్నారు. ప్రింట్ఎఫ్ చెప్పడం, స్కాన్ఎఫ్ అడగడం; చెప్పేటప్పుడు ఎలా చెప్పినా, అడిగేటప్పుడు అండి అనాలి కదా, అలా గుర్తుపెట్టుకున్నానండి అన్నారు. ఒక్కసారీ తప్పలేదు. నా బట్టీ కంటే ఆవిడ లెక్కే నయం.

పేర్లు తీసుకునే పాఠం వచ్చినప్పుడు, పేరుకు ఆ గుర్తు అక్కర్లేదని బోర్డు మీద రాశాను. ఆవిడ లేచి, "అంకెకు అండి అన్నాం, పేరుకు ఎందుకు అనక్కర్లేదండి?" అని అడిగారు. నాకు తెలియదు. క్లాసంతా నావైపే చూస్తోంది.

"కంప్యూటరు మీ మావగారాండీ, మాటమాటకీ అండి తగిలించడానికి? పీకేయండి!" అన్నాను.

అందరూ విరగబడి నవ్వారు. ఆవిడ కూడా నవ్వబోయి, తల వంచుకుని ఏదో రాసుకున్నారు. ఆ తరవాత ఇంకేమీ అడగలేదు.

నెల తిరక్కుండా బడిలో ఆవిడకు పరీక్ష పెట్టారు. తెలిసినవాడు పక్కనుండాలని కరస్పాండెంటు గారు నన్నే పిలిపించారు. రెండు సబ్జెక్టుల మార్కులు తీసుకుని మొత్తం చూపించాలి, అంతే. ఆవిడ టైపు చేస్తుండగానే చూశాను, స్కాన్ఎఫ్‌లో అండి లేదు. వేలు పెట్టి చూపిస్తే సరిపోయేది. కానీ "మీరే పీకేయమన్నారు కదండీ" అని ఆవిడ అంటే? ఊరుకున్నాను. అరవై, డెబ్బై కొట్టారు. మొత్తం మైనస్‌లో ఏదో అయిదంకెల సంఖ్య వచ్చింది.

"ఏంటమ్మా, మీ పిల్లలు మనకే మార్కులు బాకీనా?" అని నవ్వి, కరస్పాండెంటు గారు నావైపు తిరిగారు.

"ఇంకా ప్రాక్టీసు కావాలండి" అన్నాను.

ఆవిడ ఎర్ర నోటు పుస్తకం తెరిచారు. అందులో పాత 'అండి' లెక్కను కొట్టేసిన అడ్డగీత కింద గుండ్రటి అక్షరాలతో 'అండి అక్కర్లేదు, సారు చెప్పారు' అని ఉంది. నేను చదివానని ఆవిడ చూశారు. కరస్పాండెంటు గారికి చూపించకుండా పుస్తకం మూసి, సంచిలో పెట్టుకున్నారు.

జూన్‌లో బడి తెరిచేసరికి టీచర్లలో ఆవిడ లేరు.

కొన్నేళ్లకు రావులపాలెంలో ఒక చీరల కొట్లో కనిపించారు, జనం విప్పి పడేసిన చీరలు మడతపెడుతూ. నన్ను గుర్తుపట్టి, పక్కనున్న అమ్మాయితో "మా కంప్యూటరు మాస్టారమ్మా" అని పరిచయం చేశారు. కుర్చీ వేయించారు, మంచినీళ్లు తెప్పించారు. అప్పటికి నాకు ఆ గుర్తు సంగతీ తెలుసు, పేరు దాచే గదుల వరసకు దాని పేరే చిరునామా కాబట్టి అక్కడ అక్కర్లేదన్నదీ తెలుసు. చెబుదామని నోటిదాకా వచ్చింది. నీళ్లు తాగి, రెండు చీరలు కొనుక్కుని వచ్చేశాను. మళ్లీ వెళ్లేసరికి ఆవిడ మానేశారన్నారు, ఎక్కడున్నారో ఎవరూ చెప్పలేకపోయారు.

మా మేనకోడలు నన్నడిగింది గానీ, ఇప్పటి పిల్లలు సందేహం వస్తే ఫోనునే అడుగుతారు. అది నవ్వదు. మా రోజుల్లో మాలాంటివాళ్లనే అడగాల్సి వచ్చేది. అడిగేటప్పుడు అండి అనాలని ఆవిడకు తెలుసు. ఆ రోజు బోర్డు దగ్గర నేను అనాల్సింది కూడా అండితో ముగిసే మాటే. తెలియదండి. అంత చిన్న మాట, నాకు నోరు తిరగలేదు.