కండ్లు తెరిచిన కాయలు

మేముండే గోడాదరా గల్లీలోకి సీతాఫలాల బండి వస్తే ఇప్పటికీ నాకు ముందు నోరూరుతుంది, ఆ వెంటనే ఒళ్ళు మండుతుంది.

మా బాపు ఇక్కడే సూరత్‌లో మగ్గాల కార్ఖానాలో పనిచేసేవాడు. ఏటా దసరాకు కరీంనగర్ దిక్కున్న మా ఊరికి పోయి, వచ్చేటప్పుడు బస్సులో ఒక గోనెసంచి సీతాఫలాలు వేసుకొచ్చేవాడు. సంచి దించగానే అవ్వ వాటిని ఏరడానికి కూర్చునేది. పైన గడుల మధ్య సందులు విడిపోయి తెల్లగా కనిపిస్తే ఆ కాయ కండ్లు తెరిచినట్టు. దాన్ని బియ్యం డబ్బాలో పెడితే రెండు మూడు రోజుల్లో మాగుతుంది. కండ్లు తెరవనిది చాలామటుకు ఎన్నాళ్ళున్నా మాగదు, నల్లబడి రాయిలా అవుతుంది. ఈ సంగతే బడిలో హిందీలో చెప్పబోయి, సీతాఫలం నిద్ర లేచిందని చెప్పినట్టయి నవ్వులపాలయ్యాను.

కండ్లు తెరిచినవన్నీ కార్ఖానా సేఠ్ ఇంటికి పోయేవి. మళ్ళీ దసరాకు సెలవివ్వాల్సింది ఆయనే మరి. తెరవనివి మాకు. రోజూ డబ్బాలో చెయ్యి పెట్టి నొక్కి చూసేదాన్ని. ఎప్పుడో ఒకటి మెత్తబడితే నేనూ ఇద్దరు చెల్లెళ్ళూ దానికోసం జుట్లు పట్టుకునేవాళ్ళం.

నాకు పద్నాలుగేళ్ళప్పుడు, ఊరి నుంచి వస్తూనే బాపు జ్వరంతో పడిపోయాడు. ఏరిన కాయల సంచి ఇచ్చి నన్ను పంపాడు. సేఠ్ భార్య తలుపు తీసి నవ్వుతూ తీసుకుంది. నేను మెట్లు దిగుతుంటే లోపల పనిమనిషితో గుజరాతీలో అంటోంది: ఇందులో అన్నీ గింజలే, ఎవరు తింటారు, ఎప్పటిలాగే ఆవుకు పెట్టెయ్.

ఎప్పటిలాగే! ఇంటికొచ్చి బాపు మంచం పక్కన నిలబడి అరిచినట్టే చెప్పాను.

"ఎరుకే బిడ్డా."

"ఎప్పటి సంది?"

"మొదటి ఏడు సందే. ఆయన తినుడు ముఖ్యం గాదు. మనం తెచ్చినమని యాదుంటది, గంతే."

నాకు ఇంకా మండింది. "అయితే తెరవనివి ఇయ్యరాదు? ఎట్లైనా ఆవే గదా తినేది! మంచియి మేం తింటుంటిమి."

బాపు నా ముఖం కేసి చూశాడు. ఇన్నేళ్ళలో ఆ ఆలోచన ఆయనకు ఒక్కసారి కూడా రాలేదని ఆ చూపులోనే తెలిసిపోయింది.

"ఒకలకు ఇచ్చేటియి గదనే," అన్నాడు మెల్లగా. "మంచియి గానియి ఎట్లిస్తం?"

సేఠ్ భార్య మీద కోపం ఆ వారంలోనే పోయింది. బాపు మీద కోపం మాత్రం ఇవాళ్టికీ పోలేదు. మంచివి ఎవరికివ్వాలో ఆయన ఒక్కసారైనా మా ముఖాలు చూసి ఆలోచించి ఉంటే బాగుండేది.