లింగయ్య నడుముకు రెండు తువ్వాళ్లు

మహబూబ్‌నగర్‌లో మధ్యాహ్నం మూడింటికి బొంబాయి బస్సెక్కాం, నేనూ గురవయ్యా. నల్లమలలో నేను బడి నడిపే చెంచుపెంట, ఆ చిన్న గూడెం, అతనిది. అతని అక్క బాలమ్మ కూతురు, ఎనిమిదేళ్ల ఈదమ్మను తెచ్చుకోవడానికి ఈ ప్రయాణం.

ఆరు నెలల కిందట వర్లిలో బాలమ్మ, ఆమె భర్త లింగయ్య పనిచేసే బిల్డింగు దగ్గరికి, పిల్లల్ని కాపాడతామంటూ ఖాకీ బట్టలవాళ్లు వచ్చారు. అడవిలో ఖాకీ కనబడితే పొదల్లో దూరడం చెంచులకు చిన్ననాటి అలవాటు. ఆ అలవాటు కొద్దీ ఇద్దరూ సెంట్రింగ్ చెక్కల వెనక దాక్కున్నారు. పిల్ల నిద్రలో ఉంది. దిక్కులేని పిల్ల అని రాసుకుని ఎత్తుకుపోయారు.

"తప్పిపోయిందా పాపం?" అన్నాడు పక్క సీటాయన.

"లే సారూ, మావోల్లే తప్పిపోయిండ్రు. పోరి ఉన్నకాడ్నే ఉండె," అన్నాడు గురవయ్య.

పొద్దున ఎనిమిదింటికి దాదర్‌లో దిగి, లోకల్‌లో గ్రాంట్ రోడ్ చేరి, కామాటిపురా చాల్‌లో లింగయ్యా బాలమ్మా అద్దెకున్న గదికి నడిచాం. ఇంటామె రాజవ్వ చాయ్, పావ్ చేతికిచ్చి, "పానీ పదింటిదాంకనే. లౌకర్ తానం చేయుర్రి!" అని తొందరపెట్టింది.

పదకొండింటికి అందరం ఈదమ్మను ఉంచిన పిల్లల హోమ్‌కు వెళ్లాం. అక్కడి మేడం కాగితాలన్నీ తిరగేసి, పిల్ల తండ్రిని గుర్తుపడితేనే పంపుతానంది. జుట్టు కత్తిరించి, పూజ అని పేరు పెట్టిన ఈదమ్మను తెచ్చారు. ఎవరు పిలిచినా తలెత్తలేదు.

బాలమ్మ రెండు తువ్వాళ్లు ముడేసి పిల్ల ముందు పడేసింది. "నాయిన తేనెకు పోతుండు బిడ్డా. తాడు కట్టు."

ఈదమ్మ ఒక కొస లింగయ్య నడుముకు కట్టింది. రెండో కొస గురవయ్య చేతిలో పెట్టింది.

"ఇద్దరిలో తండ్రెవరు మరి?" అని మేడం హిందీలో విసుక్కుంది. కొండతేనెకు దిగేవాడి తాడు బావమరిదే పట్టాలి, అక్క పసుపుకుంకుమల కోసమైనా అతను వదలడు. ఈ సంగతి నాకొచ్చిన హిందీలో చెప్పాను.

"నేనైతే ఇడవను. నువ్వు సంతకం పెట్టేదాంక నిలవడే ఉంట మేడం," అన్నాడు గురవయ్య. ఇది మాత్రం పూర్తిగా అనువదించాను. ఆమె నవ్వి సంతకం పెట్టింది.

మర్నాడు రెండింటికి తిరుగు బస్సు, లింగయ్యా బాలమ్మా కూడా మాతోనే. సముద్రం చూడనే లేదు. ఈదమ్మ తండ్రి నడుముకున్న తువ్వాలు విప్పనివ్వలేదు, మామ చేతిలోని కొస కూడా తనే తీసుకుంది.

ఖాకీ చొక్కా కండక్టర్ నాకూ గురవయ్యకూ టికెట్లు కొట్టి వాళ్ల దగ్గరికి రాగానే లింగయ్య గబుక్కున సీటు కిందికి వంగాడు. నాకు నవ్వొచ్చింది. ఈదమ్మ రెండు చేతులతో తువ్వాలు గుంజింది.

"మల్ల దాక్కుంటవా నాయినా? మల్ల నన్ను తీస్కపోతరు. లే!"

నా నవ్వు ఎటు పోయిందో. లింగయ్య లేచి, నిటారుగా కూర్చుని, కండక్టర్ కళ్లలోకి చూశాడు.

"రెండు పూరా, ఒకటి అర," అన్నాడు. "అర టికెట్టు నా బిడ్డకు."