ఒక్కరికి సరిపడే మంచం

ఏప్రిల్ నెలాఖరున ఒక శనివారం మెర్నా స్టట్జ్‌మన్ తన పిన్ని కొడుకు ట్రక్కెక్కి పొద్దున్నే ఎటో పోయింది. మధ్యాహ్నానికి ఆ ట్రక్కు వెనకాల, లోపల పడుకుని వండుకునే వీలున్న ఒక పాత ట్రైలర్ తగిలించుకుని ఇంటికొచ్చింది. చాలా చిన్నది. పొంగిన బేకరీ రొట్టెలా గుండ్రటి వీపు, కింద రెండే చక్రాలు. అరవై రెండులో తయారైన సరుకు. ఎవరో రైతు కొట్టంలో ఏళ్ళ తరబడి కోళ్ళు దాని నెత్తిన కాపురముండి పోయాయి.

ఆమె మొగుడు లోవెల్ పెరట్లో గడ్డి కోసే మిషను బ్లేడు పదును పెట్టుకుంటున్నాడు. ఆకురాయి చేతిలో పట్టుకునే లేచి వచ్చాడు.

"ఏంటిది?"

"ట్రైలర్."

"ట్రైలరని నాకు తెలీదా? ఎవరికి?"

"నాకు," అంది మెర్నా. "లోపలంతా పుచ్చిపోయింది. నువ్వు బాగుచెయ్యాలి."

"చేస్తే ఎక్కడికెళ్తాం?"

"ముందు బాగుచెయ్యవయ్యా," అని ఆమె లోపలికి పోయి వంట మొదలుపెట్టింది.

వాళ్ళ ఊరు గోషెన్ చుట్టుపక్కల ట్రైలర్ల పని తెలియని గడప లేదు. లోవెల్ హైస్కూలు దాటగానే ట్రైలర్ల ఫ్యాక్టరీలో చేరాడు. రిటైరయ్యేదాకా అందులోనే ఉన్నాడు, గోడ అరలకు తలుపులు బిగించే పని. ఆ తలుపులు అరిజోనా ఎడారులు చూశాయి, ఫ్లోరిడా సముద్రం చూశాయి. లోవెల్ మాత్రం ఒహాయోలో బావమరిది ఇల్లు దాటి పోలేదు. జూలైలో ఫ్యాక్టరీ మూసే వారంలో తోటివాళ్ళు చెరువుల వెంట పడి పోతుంటే, అతను నిచ్చెనేసుకుని ఇంటికి రంగులేసేవాడు. మెర్నా ఒకటి రెండుసార్లు అడిగింది కూడా. "మన పక్క మనకుండగా పరాయి చోట పడుకోవడమెందుకే?" అన్నాడు. ఆమె మళ్ళీ అడగలేదు. స్కూలు వంటింట్లో పిల్లలకు వండిపెట్టే పని ఆమెది. పొద్దున అక్కడ వండేది, సాయంత్రం ఇంట్లో వండేది. అలా ఒకళ్ళనొకళ్ళు విసిగించుకోకుండా ముసలివాళ్ళయ్యారు.

అలాంటి మనిషి ఇప్పుడు ట్రైలర్ తెచ్చిందంటే, సరే, ఇన్నాళ్ళకు నన్ను లాక్కుపోదామనుకుంది కాబోలు అనుకున్నాడు లోవెల్. పోనీలే, పోదాం అని కూడా అనుకున్నాడు.

లోపలికి అడుగు పెట్టగానే కాలు నేలలోకి దిగబడింది. వెనక మూల నేల చెక్క తడిసి తడిసి నానిన బిస్కెట్టులా ఉంది. కిటికీల మూలల్లోంచి కారిన నీళ్ళకు గోడల చెక్క నల్లబడి పొరలు పొరలుగా విడిపోతోంది. సీట్ల కింద ఎలుకలు మూడు తరాలు కాపురం చేసిన గుర్తులు. లోవెల్ మూతికి గుడ్డ కట్టుకుని ఒక్కొక్క అరా, ఒక్కొక్క పలకా ఊడదీశాడు. దేన్నీ విసిరేయలేదు. పుచ్చినదాన్ని కూడా కొత్త ప్లైవుడ్ మీద పరిచి చుట్టూ పెన్సిలుతో గీత గీసుకున్నాడు. ఆ వంపులు కొలిస్తే వచ్చేవి కావు, గీసుకోవాల్సిందే.

ఆ రోజుల్లో ఇలాంటి బండ్లు లోపల్నుంచి బయటికి కట్టేవాళ్ళు. ముందు లోపలి గోడ, దానిమీద కర్రల చట్రం, అన్నిటికీ చివర అల్యూమినియం రేకు. అందుకని లోవెల్ రేకు ఒక పక్కంతా విప్పదీసి, బట్టలు విప్పిన మనిషిలా దాన్ని పెరట్లో నిలబెట్టాడు. దారిన పోయేవాళ్ళు ఆగి చూసి పోయేవాళ్ళు. పని ఒంటికి హాయిగా ఉంది. నేల వేశాడు, గోడలకు బిర్చి చెక్క వేశాడు, దానికి లక్క పాలిష్ పట్టించాడు. ఒక్కొక్క పూతకూ చెక్క తేనె రంగు తిరిగింది.

తరవాత మంచం దగ్గరకొచ్చాడు. పాత ట్రైలర్లో వెనక పక్క రెండు సీట్లు, మధ్యన బల్ల. బల్ల కిందికి దించితే అదే ఇద్దరి పడక. లోవెల్ సరిగ్గా దాని కొలతకే కొత్తది కట్టి, పరుపు దూది గురించి అడగడానికి మెర్నాని పిలిచాడు.

ఆమె తలుపులో నిలబడి చూసింది. "ఇంత వెడల్పెందుకు?"

"పాతది ఇంతేగా."

"సన్నంగా చెయ్యి. ఒక్కరికి సరిపోతే చాలు. మిగిలిన చోట కిటికీ కింద చిన్న బల్ల, ఒక కుర్చీ."

"ఒక్కరికా?"

"ఊఁ. కాఫీ కప్పు తగిలించే కొక్కెం కూడా ఒకటి చాలు," అని ఆమె చేతులు తుడుచుకుంటూ వెళ్ళిపోయింది.

లోవెల్ ఆ మంచం చట్రం మీదే కూలబడ్డాడు. ఒక్కరికి అంటే ఎవరికి? తనకా, ఆమెకా? ఆమెకే అయితే తను ఎక్కడ? ఇంకో బండిలోనా? అడుగుదామని వంటింటి తలుపుదాకా పోయాడు. ఆమె బంగాళాదుంపలు తొక్క తీస్తోంది. "ఏం?" అంది. "సుత్తి ఇక్కడ పెట్టానేమోనని," అని వెనక్కి తిరిగాడు. సుత్తి చేతిలోనే ఉంది.

మర్నాడు ఎల్డన్ హూలీ దగ్గరికి పోయాడు. ఫ్యాక్టరీలో ఇద్దరూ ఒకే బెంచీ మీద చేసినవాళ్ళు. ఎల్డన్ పెళ్ళాం పోయి చాలా కాలమైంది, నోటికి అడ్డూ అదుపూ లేదు.

"ఒరేయ్, ఇంకా అర్థం కాలేదురా నీకు?" అన్నాడు ఎల్డన్ పొట్ట పట్టుకుని నవ్వుతూ. "పారిపోయేవాళ్ళు రాత్రికి రాత్రి పారిపోతారు. మీ ఆవిడ ఘనురాలు. నీ చేతే బండి కట్టించుకుని మరీ పోతోంది!"

"ఊరుకోరా."

"తలుపుకి తాళం గట్టిది పెట్టమందా?"

"పెట్టమంది."

ఎల్డన్ నవ్వాపేశాడు. ఆ ఆపడం చూస్తే లోవెల్‌కి ఇంకా భయమేసింది.

అప్పట్నుంచి పని నత్తనడక పట్టింది. మంచం సన్నంగానే చేశాడు గానీ, చేసింది విప్పి మళ్ళీ చేశాడు. పాలిష్ ఇంకో పూత అన్నాడు. అది ఆరాక ఇంకోటి అన్నాడు. తలుపుల బందులు నచ్చలేదని మార్చాడు. గాజు పనివాడు రాలేదన్నాడు, అసలతన్ని పిలవనేలేదు. బండి పూర్తయితే ఏమవుతుందో తెలీదు కనుక పూర్తి కాకుండా చూసుకోవడమొక్కటే అతనికి తోచిన ఉపాయం. కానీ చేతులు ఊరుకునే రకం కావు. ఆలస్యం చెయ్యబోయి చేసిన పని ఒకటికి రెండింతలు అందంగా వచ్చి కూర్చునేది. మెర్నా పాలిష్ మీద అరచెయ్యి ఆనించి, "ఎంత బావుందో లోవెల్," అనేది. ఆ మాటకు సంతోషించాలో ఏడవాలో అతనికి తెలిసేది కాదు.

కూతురు కారిన్ ఫోను చేసింది. "అమ్మతో మాట్లాడొచ్చుగా నాన్నా?"

"రోజూ మాట్లాడుతూనే ఉన్నాను."

"దేని గురించి?"

"కర్టెన్ల రంగు గురించి."

చివరికి మిగిలింది పైకప్పు. ఆ వంపు తిరిగిన కప్పుకు ప్లైవుడ్ పలక ఒక్కడి వల్ల అతికేది కాదు. ఇద్దరు మనుషులు చేతులెత్తి, నడినెత్తి కూడా ఆనించి పైకి నెట్టి పట్టుకుంటే, ఒకరు ఒక చెయ్యి వదిలి మేకులు దించాలి. మెర్నా ఆ చివర నెత్తితో మోస్తోంది, ఈ చివర లోవెల్ మోస్తున్నాడు. ఎవరూ కదలడానికి లేదు. పలక వదిలితే పగులుతుంది. అప్పుడు ఊడిపడింది అతని నోట్లోంచి.

"వెళ్ళిపోతున్నావా?"

"ఎక్కడికి?"

"నాకేం తెలుసు? ఒక్కరికి మంచమన్నావు. తాళమన్నావు."

"ముందు మేకు కొట్టు లోవెల్. చేతులు లాగేస్తున్నాయి."

కొట్టాడు. కొడుతుంటే ఆమె కప్పు కిందనుంచే మాట్లాడింది. మొహం అతనికి కనపడలేదు, మోచేతులే కనపడ్డాయి.

"నిన్నొదిలి పోవడానికి కాదు. ఎందుకో చెప్పమంటే నాకూ సరిగ్గా తెలీదు. మా ఇంట్లో తొమ్మండుగురం పిల్లలం. పెద్దదాన్ని నేను. తరవాత మీ ఇల్లు. తరవాత స్కూలు. నాలుగయ్యేసరికి ఎవరో ఒకరికి ఆకలేస్తుందన్న ఆలోచన లేని రోజు నాకు ఒక్కటి లేదు. ఎవరికీ ఆకలి వెయ్యని చోట నాలుగింటికి నేనేం చేస్తానో చూసుకోవాలనుంది. అంతే."

లోవెల్ ఇంకో మేకు దించాడు. "నేనెప్పుడైనా నిన్ను వండిపెట్టమని అడిగానా?"

"అడగలేదు," అంది మెర్నా. "వచ్చి బల్ల దగ్గర కూర్చునేవాడివి."

మేకులన్నీ దించాక ఇద్దరూ చేతులు దించారు. నెత్తిన చెక్కపొట్టుతో ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆమె చెప్పింది అతనికి మాటమాటా వినపడింది. కలిపితే మాత్రం అంతుపట్టలేదు. కూర్చోవడంలో తప్పేముంది? అందరు మొగుళ్ళూ కూర్చుంటారు. అయినా ఆ మధ్యాహ్నం భోజనాల వేళ బల్ల దగ్గరకొచ్చి, కుర్చీ లాగి, కూర్చోవాలో వద్దో తెలీక కుర్చీ వీపు పట్టుకుని నిలబడిపోయాడు.

"కూర్చో మహానుభావా, సూపు చల్లారిపోతోంది," అంది మెర్నా.

ఆగస్టులో బండి సిద్ధమైంది. వెనక్కి నడపడం లోవెలే నేర్పాడు. "స్టీరింగు కింది వైపు పట్టుకో. బండి వెనక భాగం ఎటు పోవాలో చెయ్యి అటు తొయ్యి." ఆమె అటు తోసిందో ఇటు తోసిందో గానీ, పెరట్లో లైలాక్ పూలపొద సగం చక్రాల కిందికి పోయింది. "ఇంకో సగం ఉందిగా, మళ్ళీ చెయ్యి," అన్నాడు లోవెల్. తనను విడిచి పోయేదానికి తనే దారి చూపించడమేంటో అతనికే వింతగా ఉంది. అయినా గొలుసులు, బ్రేకు దీపాలు, టైర్లలో గాలి ఒకటికి పదిసార్లు చూసుకున్నాడు.

"ఎన్నాళ్ళు?"

"తెలీదు లోవెల్."

పిన్ని కొడుకు ట్రక్కే మళ్ళీ అడిగి తెచ్చుకుని, మిషిగన్‌లో ఒక చెరువు పక్క మకాం పెట్టింది. మొదటివారం లోవెల్ ఉప్పెక్కడుందో వెతుక్కోవడంతోనే గడిచింది. నూడుల్స్ ఉడికించబోయి గంజి చేశాడు. రెండోసారి తినగలిగేలా వచ్చింది. ఆదివారం చర్చిలో ఆడవాళ్ళు గిన్నెల్లో పెట్టి ఇవ్వబోతే, తీసుకుంటే మెర్నాకు మాట వస్తుందో, తీసుకోకపోతే వస్తుందో తేల్చుకోలేక, సగం మంది దగ్గర తీసుకుని సగం మంది దగ్గర వద్దన్నాడు. దాంతో అందరూ చిన్నబుచ్చుకున్నారు.

ఒకరోజు ఫోను. "లోవెల్, పైకప్పు నుంచి చుక్కలు పడుతున్నాయి."

అతను గాలిలో తేలినట్టు ట్రక్కెక్కాడు. నిచ్చెన, లప్పం, రేకు ముక్కలు, మేకులు, అన్నీ వేసుకున్నాడు. చెరువు గట్టున ట్రైలర్ ముందు నిలబడి, తను బిగించిన తలుపే అయినా తట్టాడు.

"రా," అంది లోపల్నుంచి.

ఆమెకు ఎండ తగిలి మొహం ఎర్రగా ఉంది. ఉన్న ఒక్క కప్పులో అతనికి కాఫీ పోసి, తను ఊరగాయ సీసాలో పోసుకుంది. అతను మంచం మీద, ఆమె కుర్చీలో. లోవెల్ పైకప్పు తడిమాడు, కీళ్ళు చూశాడు, పైకెక్కి రేకంతా చూశాడు. ఎక్కడా కారడం లేదు.

"ఇది వాన కాదు మెర్నా. కిటికీలన్నీ మూసుకుని నీళ్ళు కాస్తున్నావు. ఆవిరి పైకి పోయి చల్లబడి చుక్కలవుతోంది. ఒక కిటికీ కాస్త తెరిచి ఉంచు."

"నేనూ అలాగే అనుకున్నాను."

"మరి నన్నెందుకు పిలిచావు?"

మెర్నా లేచి చెరువు వైపు కిటికీ కాస్త తెరిచింది. "ఏమో. చుక్క పడింది, నువ్వు గుర్తొచ్చావు."

ఇది రమ్మనడమా, ఊరికే అనడమా? లోవెల్ కాఫీ అడుగంటా తాగాడు. "నాలుగింటికి ఏం చేస్తున్నావు మరి? తెలిసిందా?"

"తెలిసింది. నాలుగింటికి నాకూ ఆకలేస్తుంది. ఇన్నేళ్ళూ నాకా సంగతే తెలీదు." అని పకపకా నవ్వింది. అతనూ నవ్వాడు, ఎందుకో తెలీకుండానే. తరవాత ఆమె రెండు గుడ్లు ఉడకబెట్టింది. ఒకటి తను తిని, రెండోది అతనికిచ్చింది.

సాయంత్రం బయల్దేరాడు. ఉండమని ఆమె అనలేదు, ఉంటానని అతను అనలేదు. ఉండటానికి చోటే లేదు, ఆ చోటు లేకుండా చేసింది అతని చేతులే. దారంతా అదే తలపోత. ఉంటానని అనాల్సిందా? అనకపోవడమే మంచిదా? గోషెన్ మలుపు దాటిపోయి మళ్ళీ వెనక్కి తిప్పుకోవాల్సి వచ్చింది. ఇంటికి చేరాక ఫోను చేశాడు.

"వచ్చేవారం కూడా చుక్కలు పడతాయా?"

"పడొచ్చు," అంది మెర్నా.

పడ్డాయి. ఆపై వారం కూడా పడ్డాయి. ఎల్డన్‌కి ఇదంతా చెబితే, "ఒరేయ్, పెళ్ళయిన ఇన్నేళ్ళకు పెళ్ళాన్ని కలుసుకోవడానికి పెట్రోలు పోయించుకునేవాడిని నిన్నే చూశానురా," అన్నాడు. అందులో వెక్కిరింపెంతో మెచ్చుకోలెంతో లోవెల్‌కి తేలలేదు.

అక్టోబరులో మంచు పట్టకముందే మెర్నా ఇంటికొచ్చింది, వెళ్ళినంత మామూలుగానే. మళ్ళీ జూన్‌లో పోతానంది. లోవెల్ సరేనన్నాడు. చలికి గొట్టాలు పగలకుండా నీళ్ళు వదిలెయ్యాలని ట్రైలర్‌లోకి పోయాడు. నీళ్ళు వదిలి, గ్యాసు కట్టేసి, అరల తలుపులు ఎలా నిలిచాయో తెరిచీ మూసీ చూశాడు. పనైపోయాక మంచం మీద ఒరిగాడు, ఊరికే, ఎలా ఉంటుందోనని. భుజాలు ఒక పక్క గోడకూ, ఒక పక్క బల్ల అంచుకూ తగిలీ తగలనట్టున్నాయి. తేనె రంగు పైకప్పు మొహానికి దగ్గరగా ఉంది. బయట ఆకులు రేకు మీద రాలుతున్నాయి. ఇక్కడ ఆమె ఇన్నాళ్ళూ ఏం ఆలోచించి ఉంటుందో ఊహించబోయాడు. ఏమీ తట్టలేదు. తట్టకపోయినా లేవబుద్ధి కాలేదు.

చాలాసేపటికి తలుపు దగ్గర మెర్నా గొంతు వినపడింది.

"లోవెల్? ఏం చేస్తున్నావక్కడ ఇంతసేపు?"

"ఏం లేదు."

"ఏం లేదంటే?"

"ఏం లేదంటే ఏం లేదే."

ఆమె లోపలికి తొంగి చూసింది. తలుపు మెల్లగా దగ్గరికి వేసి ఇంట్లోకి వెళ్ళిపోయింది.