పెన్షన్ కూడా ఉంటుంది

గుద్రున్ హెగ్‌స్టాడ్ మామ్మ దృష్టిలో హాకీ ఉద్యోగం కాదు. తట్టూ, పొంగూ లాంటిది. మగపిల్లలకి ఓ వయసులో వస్తుంది, తగ్గాక పనిలోకి వెళ్తారు. దాన్ని టీవీలో చూపించినా, చొక్కా వీపుమీద పేరు అచ్చేసినా, మహానగరాల్లో జనం టిక్కెట్లు కొనుక్కుని గొంతులు చించుకున్నా మామ్మ అభిప్రాయంలో వెంట్రుకవాసి తేడా వచ్చేది కాదు.

తమాషా ఏమిటంటే, అమెరికాలో ఉత్తర మినెసోటాలోని బెర్గ్‌డాల్ ఊళ్ళో సెయింట్ హాల్వర్డ్ కాలేజీ ఐసు హాకీ మైదానానికీ ఆవిడ ఇంటికీ మధ్య వెనకగోడ ఒక్కటే అడ్డం. మేడమీద గదుల్లో ఎప్పుడూ కాలేజీ ఆటగాళ్ళే ఉండేవారు. వాళ్ళలో కొందరు చదువయ్యాక పెద్ద జట్లలోకి వెళ్ళారు. ఊరు ఊరంతా వాళ్ళ పేర్లు చెప్పుకుని మురిసిపోయేది. మామ్మ మాత్రం వాళ్ళు ఎప్పుడు గుమ్మమెక్కినా ఒకటే ప్రశ్న వేసేది.

“ఉద్యోగం దొరికిందా నాయనా?”

లీఫ్ సండ్‌బెర్గ్‌ని పెద్ద జట్టువాళ్ళు తీసుకున్ననాడు చర్చి గంట మోగించారు. మామ్మ అతన్ని వంటింట్లోకి పిలిచి, చనిపోయిన తన భర్త కోటు చేతిలో పెట్టింది.

“ఇదెందుకు మామ్మా?”

“రోడ్ల ఆఫీసులో మంచు తోసే బండికి డ్రైవరు కావాలట. ఇంటర్వ్యూకి ఈ పల్చటి చొక్కాతో వెళ్తావా?”

“మామ్మా, నేను రేపు చికాగో వెళ్తున్నాను. ఆడటానికి.”

“ఆడుకుని రా, ఎవరొద్దన్నారు? ఆ ఉద్యోగానికి పెన్షన్ కూడా ఉంటుంది.”

ఆవిడ భోజనాల ముందు ప్రార్థన వినాలంటే పొట్ట పట్టుకునే వినాలి. టీవీలో ముందురాత్రి మూడు గోల్స్ కొట్టినవాడు బల్ల దగ్గర కళ్ళు మూసుకుని కూచునుండగా, ఆవిడ పైకే అనేది: “ప్రభువా, ఈ బిడ్డకి కాళ్ళిచ్చావు, చేతులిచ్చావు, ఆకలి మరీ దండిగా ఇచ్చావు. ఎక్కడో ఓచోట ఉద్యోగం కూడా ఇప్పించు తండ్రీ.” చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వాపుకుంటూ ఆమెన్ అనేవారు.

ఒకసారి టీవీ విలేకరి ఒకాయన వచ్చాడు. “అమ్మా, మీ ఇంట్లో ఉన్న కుర్రాళ్ళలో ఎంతమంది ప్రొఫెషనల్స్ అయ్యారు?” అనడిగాడు.

“ఒక్కడే,” అంది మామ్మ. “వేన్. పళ్ళ డాక్టరు.”

వేన్ కాలేజీ జట్టులో నాలుగేళ్ళూ బెంచీమీద కూచుని తువ్వాళ్ళు అందించినవాడు. విలేకరి తలగోక్కున్నాడు. “మరి మిగతావాళ్ళు?”

“వాళ్ళు పళ్ళు రాలగొట్టుకొచ్చి వేన్‌కి పని కల్పిస్తారు.”

వంటింటి గోడమీద తెల్లకోటు వేసుకున్న వేన్ ఫొటో ఉండేది. దాని పక్కన ఇంకో రెండు మూడు ఫొటోలు. మిగతా గోడంతా ఉత్త మేకులు. నీల్స్ ఎక్రెన్ కాలేజీలో చేరి ఆ మేడమీదికి వచ్చిన కొత్తలో ఒక మేకుకి టోపీ తగిలించబోతే మామ్మ గరిటెతో చేతిమీద ఒక్కటేసింది.

“అది టోపీకి కాదు.”

“మరి దేనికి?”

“దేనికి కావాలో దానికి.”

ఈ నీల్స్ తర్వాత చిన్న జట్లలో ఏళ్ళ తరబడి బస్సుల్లో తిరిగి తిరిగి, చివరికి పెద్ద జట్టులోకి ఎక్కాడు. బెర్గ్‌డాల్ జనం పొగడ్తల్లో పీనాసులు. అక్కడ ఎవరైనా “మరీ అంత చెడ్డగా లేదు” అన్నారంటే పూలదండ వేసినట్టే లెక్క. నీల్స్ టీవీలో మొదటిసారి కనబడినప్పుడు ఊరంతా ఆ మాట అనేసింది. మామ్మ అనలేదు. పోస్టాఫీసులో ఖాళీ ఉందని ఫోన్ చేసింది.

ఏటా ఫిబ్రవరిలో ఒక ఆదివారం, ఆరాధన అయ్యాక, చర్చి కింది హాల్లో పాత ఆటగాళ్ళకి భోజనం పెడతారు. పెద్ద జట్లకి వెళ్ళినవాళ్ళని ముసలి కోచ్ ఆర్నీ పేరుపేరునా లేపి, “ఏ జట్టురా?” అంటాడు. వాళ్ళు జట్టు పేరు చెప్తారు. అందరూ చప్పట్లు కొడతారు. అదొక పండగ.

ఆ ఏడు నీల్స్ ముందురోజు మధ్యాహ్నమే వచ్చి మామ్మ తలుపు తట్టాడు. పదిరోజుల కిందటే అతన్ని జట్టులోంచి తీసేశారు. మోకాలు పాడైంది, మళ్ళీ ఆటకి పనికిరాదు. సంగతి ఇంకా పేపర్లకెక్కలేదు, అతనూ ఎవరికీ చెప్పలేదు. చర్చి హాల్లో లేచి నిలబడి ఏం చెప్పాలో ఊరికి వచ్చే దారంతా ఆలోచించాడు. పాత జట్టు పేరే చెప్పేస్తే సరి అనుకున్నాడు. ఒక్కపూట గడిస్తే చాలు, ఆ తర్వాత ఈ ఊరి మొహం చూడక్కర్లేకుండా ఎటైనా పోవచ్చు.

“ఉద్యోగం దొరికిందా నాయనా?” అంది మామ్మ.

“చూస్తున్నాను మామ్మా,” అన్నాడు, ఎప్పటిలాగే నవ్వుతూ.

“కాఫీ తాగుతావా?”

“తాగుతాను.”

మామ్మ చేతిలో కెటిల్ గాల్లోనే ఆగిపోయింది. ఒక్క క్షణం అతనికేసి చూసింది. తర్వాత కాఫీ పోసి, బంగాళదుంపల లెఫ్సే రొట్టెకి మామూలుకంటే మందంగా వెన్న రాసి ముందు పెట్టింది.

“హైస్కూల్లో జాగ్రఫీ పంతులు మానేస్తున్నాడట,” అంది. “నీ డిగ్రీ జాగ్రఫీయేగా?”

“గుర్తుందా నీకు?”

“పరీక్షల ముందు మెట్లమీద నదుల పేర్లు బట్టీపట్టి నన్ను నిద్రపోనిచ్చావా? పెన్షన్ కూడా ఉంటుంది.”

మర్నాడు హాలు కిటకిటలాడింది. బల్లలమీద, మాంసమూ బంగాళదుంపలూ కలిపి కాల్చిన హాట్‌డిష్ పళ్ళేలు పొగలు కక్కుతున్నాయి. కోచ్ ఆర్నీ ఒక్కొక్కరినీ లేపుతున్నాడు. చప్పట్లు మోగుతున్నాయి.

“నీల్స్ ఎక్రెన్! ఏ జట్టురా?”

నీల్స్ లేచాడు. అబద్ధం నాలుక చివరే ఉంది. నోరు తెరిచేసరికి వంటగది గుమ్మంలో ఆప్రాన్ కట్టుకుని నిలబడ్డ మామ్మ కనబడింది. అబద్ధం అక్కడే ఇరుక్కుంది.

“ఏ జట్టూ లేదు కోచ్,” అన్నాడు. “మోకాలు పోయింది. పంపించేశారు.”

బెర్గ్‌డాల్ వాళ్ళు మర్యాదస్తులు. అతను సిగ్గుపడతాడేమోనని అందరూ ఒక్కసారిగా తలలు దించుకుని పళ్ళేల్లోకి చూశారు. దాంతో నీల్స్‌కి భూమిలోకి కుంగిపోదామనిపించింది.

“హమ్మయ్య!” అంది మామ్మ గుమ్మంలోంచి. హాలంతా వినబడింది. “ఇన్నాళ్ళకి వీడికి తీరిక దొరికింది. హెడ్మాస్టరుగారూ, ఎక్కడున్నారు? జాగ్రఫీ పంతులు కావాలన్నారుగా, ఇడుగో!”

హెడ్మాస్టరుకి నోటినిండా హాట్‌డిష్. “ఇప్పుడా మామ్మగారూ?” అన్నాడు ఎలాగో మింగి.

“వాడు నిలబడే ఉన్నాడుగా! కూచోబెట్టి మళ్ళీ లేపడమెందుకు? అసలే మోకాలు బాగోలేదు పాపం.”

ఎవరో కిసుక్కుమన్నారు. “దానికి పె...” అని మామ్మ మొదలెట్టిందో లేదో, పాత ఆటగాళ్ళంతా ఒక్క గొంతుతో అందుకున్నారు:

“పెన్షన్ కూడా ఉంటుంది!”

హాలు కప్పు ఎగిరిపోయేలా నవ్వులు. ఆ నవ్వుల్లోనే లీఫ్ లేచాడు. ఇప్పుడతను జిల్లా రోడ్ల ఆఫీసులో మంచు బండ్లన్నిటికీ పెద్ద.

“ఒరే నీల్స్, నేను ఇంటిమీద బెంగతో ఆట మానేశానని ఈ ఊరంతా అనుకుంటోంది కదా? నేను మానలేదురా. వాళ్ళే మాన్పించారు. ఆ రోజు మా నాన్న ఇంటికి వెళ్ళలేక మామ్మ ఇంటికెళ్ళాను. తలుపు తీసి ఏమందో తెలుసా?”

“ఉద్యోగం దొరికిందా నాయనా!” అన్నారు అందరూ.

“నేను గెలిచొచ్చినప్పుడూ అదే అంది. ఆ ఒక్క గుమ్మంలోనే నేను ఏమీ తగ్గిపోలేదురా. కోటు నాకు అప్పటికే ఇచ్చేసింది. అది వేసుకునే ఇంటర్వ్యూకి వెళ్ళాను.”

“నాకూ అలాగే,” అన్నాడు వెనక బల్ల దగ్గర్నించి ఒకాయన. “నాకు బ్యాంకు ఉద్యోగం.” “పాల కేంద్రం,” అన్నాడింకొకడు. ఆటలో దెబ్బ తగిలి పడినవాడు లేచినప్పుడు, రెండు జట్లవాళ్ళూ కర్రలతో ఐసుమీద టకటక కొట్టడం ఆటవాళ్ళ ఆనవాయితీ. ఇక్కడ కర్రలు లేవు కనక స్పూన్లతో బల్లలు వాయించారు. పాస్టరుగారు కూడా వాయించారు. నీల్స్ కూచున్నాడు. హాట్‌డిష్ రెండోసారి వడ్డించుకున్నాడు.

ఇంటికి వచ్చాక అడిగాడు: “మామ్మా, నీకు నిన్ననే తెలిసిపోయిందా?”

“తెలీకేం? కాఫీ తాగుతావా అంటే మొదటిసారే తాగుతానన్నావు.”

నీల్స్ నాలిక కరుచుకున్నాడు. ఆ చుట్టుపక్కల పుట్టినవాడెవడూ, ప్రాణం మీదికొచ్చినా సరే, రెండుసార్లు వద్దనకుండా కాఫీ ఒప్పుకోడు.

“మీ అమ్మ నిన్నలా పెంచలేదు,” అంది మామ్మ. “ఏదో పెద్ద దెబ్బే తగిలుంటుందనుకున్నాను.”

నీల్స్ గోడకేసి చూశాడు. ఫొటోలు పెరిగాయి. నారింజరంగు చొక్కాలో, మంచు బండి పక్కన లీఫ్ నవ్వుతున్నాడు. ఇంకా ఉత్త మేకులు చాలానే ఉన్నాయి.

“వీటిలో నాది కూడా ఉందా మామ్మా?”

“కిటికీ పక్కది. నువ్వు పెద్ద జట్టులోకి వెళ్ళిననాడు కొట్టాను.”

“ఆనాడా? ఊరంతా సంబరాలు చేసుకుంటుంటే?”

“అందరూ సంబరాల్లో ఉన్నారు కదా. నీ సంగతి ఎవరో ఒకరు చూసుకోవాలిగా!”

సెప్టెంబరులో బళ్ళు తెరిచిన వారానికి నీల్స్ ఒక ఫొటో పట్టుకొచ్చాడు. హెడ్మాస్టరు తీశాడు. ముక్కుమీద సుద్దపొడి, కళ్ళు సగం మూసుకుపోయాయి, వెనక పటంలో సగం ఆఫ్రికా అతని చెవి చాటున ఉంది. మామ్మ దాన్ని మేకుకి తగిలించింది. రెండడుగులు వెనక్కి వేసి, కళ్ళజోడు సర్దుకుని చాలాసేపు చూసింది.

“మరీ అంత చెడ్డగా లేదు,” అంది.

నీల్స్ చెవులదాకా ఎర్రబడిపోయాడు.

“కాఫీ తాగుతావా?”

“అబ్బే, వద్దు మామ్మా. ఇప్పుడే తాగొచ్చాను.”

మామ్మ మొహం చేటంతయింది. వెళ్ళి పొయ్యిమీద కెటిల్ పెట్టింది.